రసమట్టం

అద్దంకి బస్టాండు వెనక సందులో
బల్ల వేస్తే మనిషి పట్టని కొట్టు నాది.
సెల్లులు, రిమోట్లు, పిల్లల బ్యాటరీ కార్లు.
రెండున్నరకి చీమకుర్తి బస్సు దిగి
కాలేషా వచ్చాడు,
సిమెంటు సంచిలో చుట్టిన బూడిదరంగు పెట్టె
చంకలో పెట్టుకుని.

"డిస్కు చదవట్లేదక్కా.
తలకిందులుగా పెడితే మాత్రం చదువుద్ది."

తలకిందులుగానా?

"చెంచయ్య బాబాయి గదిలో అందరం అట్టానే ఆడేవోళ్లం.
గంటకి పది రూపాయలు.
చదవకపోతే ఆయనే వచ్చి తిరగేసేవాడు."

గబ్బిలంలా వేలాడితే గానీ
అక్షరం అబ్బని పిల్లకాయ అన్నమాట.
మరలు విప్పి మూత తీశాను.
చీమకుర్తి సగం అందులోనే ఉంది.
రాయి కోసిన నీళ్లు ఎండి లేచిన పొడి,
కాయిలు చుట్టూ, ఫ్యాను రెక్కల మీదా,
ఆ మధ్యలో కందిగింజంత గాజుకన్ను.

దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను.
డిస్కు గిర్రున తిరిగింది, ఆగింది,
టిక్, టిక్, టిక్,
నత్తివాడు తన పేరు చెప్పబోయినట్టు.

కన్ను పక్కనే ఒక బుల్లి మర ఉంటుంది.
ఆవగింజంత తిప్పితే చాలు
కన్నెర్ర చేసి మరీ చదువుతుంది.
ఇవాళ్టికి బాగు. ఆరునెల్లకి ఆరిపోతుంది.
ఈ వీధిలో అందరం అదే తిప్పుతాం.
తిప్పి నేనూ డబ్బు తీసుకున్నాను,
చాలాసార్లు.
వాళ్లు మళ్లీ రాలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

స్క్రూడ్రైవరు ఆనించాను.
"ఆగక్కా" అన్నాడు.
"బ్లేడు కొయ్యకపోతే స్పీడు పెంచమంటాడు మా సూపర్‌వైజరు.
పెంచి పెంచి ఏడు బ్లేడ్లు పోగొట్టాడు.
ముందు రాయి ఎట్టా కూచుందో చూడాల."

జేబులోంచి మధ్యవేలంత రసమట్టం తీసి
కన్ను జరిగే పట్టాల మీద అడ్డంగా పెట్టాడు.
ఆకుపచ్చ నీళ్లలో బుడగ
నింపాదిగా ఎడమకి పోయి
అక్కడే కూర్చుంది.

వంగి చూశాను.
ప్లాస్టిక్ పట్టా ఒక పక్క అరిగి నున్నగా ఉంది,
గంటకి పది రూపాయల చొప్పున
ఎన్ని వందల గంటలో.
కన్ను బాగానే ఉంది పాపం,
కూర్చున్న పీటే ఒరిగింది.
తిరగేస్తే బరువు అవతలికి పడి
కాసేపు సర్దుకునేది.

పలచటిది, గట్టిది ఏదైనా కావాలి.
సొరుగంతా గాలిస్తే
మా అత్త మోకాలు ఎక్స్‌రే దొరికింది.
కత్తెరతో అంచున గోరంత ముక్క కోసి
పట్టా కింద దూర్చాను. చాల్లేదు. ఇంకోటి.
బుడగ కదిలి, గీతల మధ్యకొచ్చి,
ఊగి, నిలబడింది.
ఇద్దరం ఊపిరి వదిలాం.

డిస్కు పెట్టాను. ఈసారి నత్తి లేదు.
చెవి ఆనిస్తే, తిరగలి దూరంగా తిరుగుతున్నట్టు
ఒకటే సన్నని రొద.
టీవీలో రంగులొచ్చాయి.

"నువ్వు ఆడతావా ఇంకా?"
"నాకెక్కడ తీరుద్దక్కా, రెండు షిఫ్టులు.
చెంచయ్య బాబాయికి.
అన్నేళ్లు గది నడిపాడా, ఒక్క ఆటా ఆడలా.
నేనాడితే ఆ పది ఎవడిస్తాడ్రా అనేవాడు."

నూటయాభై తీసుకున్నాను.
సంచిలో పెట్టేటప్పుడు
అలవాటుగా తలకిందులు చేసి పెట్టాడు.
నేనేం అనలేదు.

రసమట్టం బల్ల మీదే మరిచిపోయాడు.
ఫోన్ చేస్తే "ఉంచక్కా, ఇంకోటుంది" అన్నాడు.
దీపాలు పెట్టే వేళ చూస్తే
నా బల్ల మీదా బుడగ ఎడమకే ఉంది.

వంగి, కాలెత్తి,
మిగిలిన ఎక్స్‌రే నాలుగు మడతలేసి కిందకి తోశాను.
మా అత్త మోకాలు
బల్లకి సరిపోయింది.